నకలు వేసే చేతి మీద నింద

పాతకాలపు రాజులు, రాణులు, దొరలు, దొరసానుల నిలువెత్తు చిత్రాలను చూసి నూనె రంగుల్లో చేత్తో మళ్ళీ వేయడం, వేయించుకోవడం తక్కువ పని అనే మాట చదువుకున్నవాళ్ళ నోట తరచుగా వినపడుతోంది. ఇల్లు కట్టుకున్నవాడు హాల్లో రవివర్మ మహారాణికో, ఐరోపా ప్రభువు ఎవరికో నకలు తగిలిస్తే, గృహప్రవేశానికి వచ్చిన చుట్టం దగ్గరికెళ్ళి, కింద సంతకం వెతికి, "ఒరిజినల్ కాదు కదా" అని ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వుకి జవాబు చెప్పాల్సిన అవసరం వచ్చింది.

ముందు ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెబుతాను. చిత్రం అంటే ఒక మనిషి ఊహ, ఆ ఊహ ఒక్కసారే పుడుతుంది, చూసి దించేవాడు పనివాడే తప్ప కళాకారుడు కాడు అంటారు. అచ్చు గుద్దినట్టు ప్రింటు చౌకగా దొరుకుతుండగా చేతి నకలు రెంటికీ చెడ్డ రేవడి అంటారు. నకళ్ళను గౌరవిస్తే దొంగ చిత్రాల వ్యాపారానికి దొడ్డిదారి తెరిచినట్టే అంటారు. జమీందారీలు రద్దయి డెబ్బై ఏళ్ళు దాటాక దొరల బొమ్మలు గోడకెక్కించడం బానిసబుద్ధి అని కూడా అంటారు. ఇవి తెలివితక్కువవాళ్ళ మాటలు కావు. మూడోదానిలో నిజం కొంత ఉంది, నాలుగోదాని వెనక న్యాయమైన కోపం ఉంది. అయినా నాలుగింటిలో ఏదీ నిలవదు. నిలవకపోగా, నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు లాంటి ఊళ్ళలో ఇంకా మిగిలిన పనిచేతులకి ఈ మాటలు నేరుగా తగులుతున్నాయి. అక్కడి నుంచే మాట్లాడతాను. మంచి చిత్రశాల చూడాలంటే చెన్నైకో హైదరాబాదుకో బస్సెక్కాల్సిన ఊళ్ళవి. అసలు చిత్రాన్ని మాత్రమే చూడమని సలహా ఇచ్చేవాళ్ళు ఆ బస్సు సంగతి తలపెట్టరు.

1. ఆ అసలు ఎంత అసలు?

కళల్లో కెల్లా రాజుల చిత్రపటానికి మాత్రం "ఒక్కటే, ఒక్కసారే" అనే నియమం పొసగదు. అది పుట్టిందే నకళ్ళ కోసం. రాజు ఒక్కడు, అతని ముఖం కనపడాల్సిన దర్బార్లు బోలెడు. ఇంగ్లండు రాజు మూడో జార్జికి 1761లో పట్టాభిషేకమైతే అలన్ రామ్సే అతని నిలువెత్తు చిత్రం వేశాడు. ఆ తర్వాత రామ్సే చిత్రశాలకు ఏళ్ళ తరబడి అదే పని. రాజు బొమ్మ, రాణి బొమ్మ, జంటలు జంటలుగా, రాయబార కార్యాలయాలకీ వలసరాజ్యాల గవర్నర్లకీ. వాటిలో ఎక్కువ భాగం శిష్యులు వేసినవే. వాటిని అందుకున్న గవర్నర్లెవరూ "ఒరిజినల్ కాదు కదా" అని తిప్పి పంపలేదు.

ఒక్క చిత్రంలోనైనా ఒక్క చెయ్యే ఉంటుందనుకోవడం కూడా అమాయకత్వమే. పద్దెనిమిదో శతాబ్దపు లండనులో బట్టల మడతలు వేయడానికి వేరే మనుషులుండేవాళ్ళు. 1749లో చనిపోయిన జోసెఫ్ వాన్ ఏకెన్ ఎందరో పేరున్న చిత్రకారులకు పట్టు, మఖమలు, లేసులు వేసిపెట్టాడు. సర్ జాషువా రేనాల్డ్స్ బొమ్మల్లో దుస్తులకు పీటర్ టామ్స్ చెయ్యి పడింది. ముఖం ఒకరిది, పట్టు ఇంకొకరిది, సంతకం పెద్దాయనది. మన రవివర్మ కూడా తమ్ముడు రాజరాజవర్మతో కలిసి ఊరూరా తిరిగి సంస్థానాల్లో చిత్రాలు వేశాడు. తనకు పేరు తెచ్చిన కొన్ని విషయాలను తానే మళ్ళీ మళ్ళీ వేశాడు కూడా.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినవాళ్ళంతా ముసుగు రెబెక్కా ముందు నోరు తెరుచుకుని నిలబడతారు. బెన్జోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. బెన్జోనీ, అతని పనివాళ్ళు అదే రెబెక్కాను ఇంకా చాలాసార్లు చెక్కారు, అమెరికా మ్యూజియాల్లో ఆమె అక్కచెల్లెళ్ళున్నారు. ఈ సంగతి తెలిసిన తర్వాత ఆ రాతి ముసుగు పలచదనం తగ్గిందా? చూసే కళ్ళకి అందిన అబ్బురం ఎక్కడికీ పోలేదు. పోయింది "ప్రపంచంలో ఇదొక్కటే" అన్న గొప్ప మాత్రమే. ఆ గొప్ప చిత్రానిదో శిల్పానిదో కాదు, దాన్ని సొంతం చేసుకున్నవాడిది.

ఇక "దించేవాడు కళాకారుడు కాడు" అన్న మాట. త్యాగరాజ కృతిని పాడే విద్వాంసుడు ఆ కృతి రాయలేదు. రాగం కట్టలేదు. గురువు నోట విన్నది ఏళ్ళ తరబడి చూచిరాతలా సాధన చేసి పాడతాడు. అతన్ని నకలుగాడని ఎవరైనా అన్నారా? అదే కృతి ఒకరి నోట పొడిగా, ఇంకొకరి నోట కన్నీళ్ళు తెప్పించేలా ఎందుకుంటుందో సంగీతం తెలిసినవాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు. భామాకలాపంలో సత్యభామ వేషం తరతరాలుగా అదే, దాన్ని కట్టిన నటుల కీర్తి మాత్రం ఒకే తీరుగా లేదు. పాటలో, ఆటలో ఒప్పుకున్న న్యాయాన్ని కుంచె పట్టినవాడి దగ్గరికి రాగానే ఎందుకు మడిచి పెట్టేస్తారు? దీనికి జవాబు ఆ వాదంలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా సంతకం మీద భక్తి.

రవివర్మ సంగతే చూడండి. నూనె రంగుల కిటుకు చెప్పడానికి తిరువాన్కూరు కొలువులో పెద్దగా ఎవరూ సుముఖంగా లేరు. థియొడోర్ జెన్సన్ అనే విదేశీ చిత్రకారుడు రాజకుటుంబం బొమ్మలు వేస్తుంటే పక్కన నిలబడి చూడటానికి మాత్రం అనుమతి దొరికింది. చూసి, మళ్ళీ వేసి నేర్చుకున్నాడు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఈ రోజుకీ నకలు వేసేవాళ్ళకు అనుమతి పత్రాలిస్తారు, చిత్రం ముందే స్టాండు పెట్టుకోనిస్తారు. ముఖ్యమైన నియమం ఒకటుంది: నకలు కొలత అసలు కొలతతో సమానంగా ఉండకూడదు. అక్కడి పెద్దలకు తప్పనిపించనిది ఆత్మకూరులో హాలు చూడవచ్చిన చుట్టానికి నామోషీ అయింది.

2. రాయల ముఖం ఎక్కడ?

ఈ వాదం చేసే అసలు నష్టం ఉదయగిరి కొండ కింద నిలబడి చూస్తే కనపడుతుంది. ఈ దుర్గం కోసం శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి ఏడాదికి పైగా పట్టు విడవలేదు. 1514లో గజపతుల చేతి నుంచి కోట లాక్కున్నాడు. ఆ గెలుపుతో తిరుగుదారిలో తిరుమల వెళ్ళి ముప్పై వేల వరహాలతో స్వామికి కనకాభిషేకం చేశాడు. ఉదయగిరి గుడిలోని బాలకృష్ణుణ్ణి విజయనగరం తీసుకుపోయి, కొత్తగా గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు. ఊరి చరిత్రలో రాయలు అంత పెద్ద మనిషి. అతని ముఖం ఎలా ఉంటుందని ఉదయగిరి పిల్లవాణ్ణి అడగండి. ఏం చెబుతాడో నేను ముందే చెప్పగలను: ఎన్టీఆర్ ముఖం. 1956 నాటి తెనాలి రామకృష్ణ, 1962 నాటి మహామంత్రి తిమ్మరుసు, ఈ రెండు సినిమాల్లోని కిరీటం, మీసకట్టు, చిరునవ్వు. ఫ్లెక్సీల మీద, క్యాలెండర్ల మీద, కూడళ్ళలో విగ్రహాల మీద అదే పోలిక తిరుగుతోంది. పౌరాణిక నటుడిగా రామారావు గారి మీద నాకు గౌరవమే. కానీ అది రాయల ముఖం కాదు.

అసలు ముఖం గురించి మనకు రెండు ఆధారాలున్నాయి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలను దగ్గరగా చూసి రాశాడు. మధ్యరకం ఎత్తు, తెల్లని ఛాయ, సన్నం కన్నా లావుకే దగ్గర, ముఖం మీద స్ఫోటకం మచ్చలు. మన క్యాలెండర్ చిత్రకారుల్లో ఎంతమంది ఆ మచ్చలు వేయడానికి సాహసించారు? రెండోది తిరుమలలో ఉంది. గుడిలోకి వెళ్ళగానే తిరుమలదేవి, చిన్నాదేవి ఇరుపక్కలా నిలబడగా చేతులు జోడించిన రాయల లోహ విగ్రహం, తల మీద పొడుగాటి కుళ్ళాయి. ఏటా లక్షల మంది క్యూలో దాని పక్కగానే నడిచిపోతారు.

ఇక్కడే ఆగి ఆలోచించమంటాను. మన ఫ్లెక్సీ రాయలు "సొంత ఊహ", రాయల రూపాన్ని చూసి దించింది కాదు. మన విమర్శకుల కొలత ప్రకారం అది కళ. తిరుమల విగ్రహాన్ని చూసి, పేస్ మాటల్ని పక్కన పెట్టుకుని, కుళ్ళాయి ఎత్తు తప్పకుండా, బుగ్గల నిండుదనం తగ్గించకుండా ఓపిగ్గా దించిన బొమ్మ వాళ్ళ కొలతలో వట్టి నకలు. రెండిట్లో ఏది నిజానికి దగ్గర? చూసి దించడంలో ఒక వినయం ఉంటుంది, నా ఇష్టం కాదు, ఎదురుగా ఉన్నదే ముఖ్యం అనే వినయం. దాన్ని తక్కువ చేసి చూసిన చోట సినిమా మేకప్పు చరిత్ర అవుతుంది. అయింది కూడా.

పేస్ ఇంకో సంగతి రాశాడు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. విజయనగరం అంతఃపుర ద్వారం దగ్గర రెండు నిలువెత్తు రూపాలు రంగుల్లో సజీవంగా ఉన్నాయట. ఒకటి రాయలది, ఒకటి ఆయన తండ్రిది. తండ్రి నల్లనివాడు, మంచి విగ్రహం, కొడుకు కన్నా లావు. బతికున్నప్పుడు ఎలాంటి దుస్తులు వేసుకునేవారో అవే దుస్తుల్లో నిలబెట్టారని కూడా రాశాడు. అంటే తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకునే చక్రవర్తికి బతికుండగా చేసిన వర్ణచిత్ర రూపం ఉండేది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత ఆ నగరానికి పట్టిన గతి తెలిసిందే. ఆ రూపాలు లేవు. వాటిని చూసి దించిన నకలు ఒక్కటి కూడా మన చేతికి రాలేదు.

ఇదే కాలంలో ఇంగ్లండులో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. 1537లో హోల్బైన్ ఎనిమిదో హెన్రీని వైట్‌హాల్ రాజభవనం గోడ మీద నిలువెత్తున వేశాడు. 1698లో ఆ భవనం కాలిపోయింది, గోడా పోయింది. కానీ అంతకు ముప్పై ఏళ్ళ ముందు, 1667లో, రెండో చార్లెస్ రాజు వాన్ లీమ్‌పుట్ అనే చిత్రకారుడితో ఆ గోడచిత్రానికి చిన్న నకలు వేయించాడు. కాళ్ళు ఎడంగా చాపి, భుజాలు విరుచుకుని నిలబడ్డ హెన్రీని ఈ రోజు ప్రపంచమంతా పోల్చుకుంటున్నదంటే ఆ నకలు, అలాంటి ఇతర నకళ్ళ పుణ్యమే. టిషియన్ వేసిన అయిదో చార్లెస్, ఇసబెల్లాల జంట చిత్రం కూడా పోయింది, రూబెన్స్ వేసిన నకలు మిగిలింది. రూబెన్స్ అంతటివాడికి నకలు వేయడం చిన్నతనమనిపించలేదు.

వాళ్ళ రాజు ముఖం మిగిలింది, మన రాజు ముఖం పోయింది. విజయనగరంలో చిత్రకారులు లేకనా? లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల్ని వాళ్ళ పొడుగు టోపీలతో, జరీ అంచులతో వేసినవాళ్ళు ఆ కాలం వాళ్ళే. ఆ లేపాక్షి రంగులూ ఏటేటా వెలిసిపోతూనే ఉన్నాయి. ఇప్పటికైనా ఒక మంచి చెయ్యి వాటిని ఉన్న కొలతలో, ఉన్న రంగుల్లో దించి పెడితే, "నకలు" అని నవ్వే మనిషి చరిత్రకి ఏ పక్షాన నిలబడ్డట్టు?

అలా దించిపెట్టిన అజంతా కథ మన హైదరాబాదుకు సంబంధించిందే. ఆ గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలోవి. రాబర్ట్ గిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1840లలో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి నకళ్ళు దించాడు, వాటిలో చాలా భాగం 1866లో లండను క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. జాన్ గ్రిఫిత్స్ బొంబాయి జె.జె. స్కూలు విద్యార్థులను తీసుకెళ్ళి 1872 నుంచి మళ్ళీ దించాడు, వాటిలోనూ చాలా 1885లో అగ్నికి ఆహుతయ్యాయి. అయినా ఆపలేదు. 1909, 1911 మధ్య లేడీ హెరింగ్‌హామ్ నకళ్ళ కోసం వచ్చినప్పుడు చిత్రకారుడు నందలాల్ బోస్‌తో పాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ కూడా ఆ చీకటి గుహల్లో కుంచె పట్టారు. గోడల మీద పెచ్చులూడి పోయిన చోట ఏముండేదో తెలియాలంటే పండితులు ఇప్పటికీ ఆ నకళ్ళనే తిరగేస్తారు. నందలాల్ బోస్‌ని కళాకారుడని ఒప్పుకుంటూ, నకలు వేసేవాడు కళాకారుడు కాడని అదే నోటితో అనడం ఎలా కుదురుతుంది?

3. ప్రింటు ఉండగా చెయ్యెందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తమ మొదటి వాదాన్ని తామే మర్చిపోతారు. నకలు వద్దని మొదలుపెట్టి యంత్రం తీసిన నకలు కొనుక్కోమనడంలో ముగిస్తారు. వాళ్ళకి అభ్యంతరం నకలు మీద కాదని, చేతికిచ్చే కూలి మీదనని ఇక్కడ బయటపడుతుంది.

యంత్రపు నకలు మీద నాకు పగ లేదు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టకపోతే మన అవ్వల పూజగదుల్లోకి లక్ష్మీ సరస్వతులు ఆ రూపంలో వచ్చేవాళ్ళే కారు. కానీ ప్రింటు తప్పు లేకుండా ఉంటుందన్న మాట తప్పు. ప్రింటు చిత్రానికి నకలు కాదు, చిత్రానికి తీసిన ఫోటోకు నకలు. ఒకే మహారాణి చీర ఒక పుస్తకంలో కుంకుమ రంగు, ఇంకో పుస్తకంలో ఇటుక రంగు, ఫోన్ తెర మీద మూడో రంగు. యంత్రానికి ఏది ఇస్తే అదే గుద్దుతుంది. చేతి నకలు వేసేవాడు మూడూ పక్కన పెట్టుకుని, వెలుతురు ఏ పక్క నుంచి పడుతున్నదో చూసి, నీడలో ఆ ఎరుపు ఏమవుతుందో తెలిసినవాడు గనక, ఒకటి తేల్చుకోవాలి. కాన్వాసు మీద గళ్ళు గీసి కొలత ఎక్కించడం దగ్గర నుంచి, పలచని తొలి పొర, అది ఆరాక పై పొర, చివర జరీ మీద మెరుపు చుక్క, ప్రతి చోటా నిర్ణయమే. రవివర్మ జరీ దూరం నుంచి బంగారంలా మెరుస్తుంది, దగ్గరికెళితే నాలుగైదు పసుపుపచ్చ, గోధుమ మచ్చలు తప్ప ఏమీ ఉండదు. ఆ మచ్చలు ఎక్కడ, ఎంత మందంగా పెట్టాడో తెలుసుకున్న మనిషి ఆ చిత్రాన్ని నూరు వ్యాసాలు చదివినవాడి కన్నా బాగా చదివాడని నా నమ్మకం.

మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో మోనాలిసాకి ఒక పాత నకలు ఉంది. చాలాకాలం దాన్నెవరూ పట్టించుకోలేదు. 2012లో శుభ్రం చేసి, లోపలి గీతలు పరీక్షించి చూస్తే, లియొనార్డో తన చిత్రంలో ఎక్కడెక్కడ మార్పులు చేశాడో నకలులోనూ అక్కడక్కడే మార్పులున్నాయి. అంటే ఇద్దరూ ఒకే చోట, ఒకే కాలంలో వేశారు. అసలు మీద పేరుకున్న పాత వార్నిషు కింద దాగిన రంగులేమిటో ఊహించడానికి ఇప్పుడు ఆ నకలే ఆధారం.

మాట చెబితే బొమ్మ గీసిచ్చే కొత్త యంత్రం సంగతి కూడా అడుగుతున్నారు. అది కూడా లోకంలోని బొమ్మలన్నీ మింగి, ఎవరిది ఎక్కడ నుంచి తీసిందో చెప్పకుండా ఇస్తుంది. మన పెయింటరు కనీసం "ఇది రవివర్మ వేసింది చూసి వేశానయ్యా" అంటాడు.

4. దొంగ చిత్రాల సంగతి

మోసాలున్నాయి. పేరున్న చిత్రకారుల సంతకాలతో దొంగ బొమ్మలు వేలంపాటల దాకా వెళ్ళిన మాట నిజం. కానీ మోసం ఎక్కడ జరుగుతుందో చూడాలి. అది కుంచె దగ్గర కాదు, బిల్లు దగ్గర జరుగుతుంది. నకలుని నకలని చెప్పి అమ్మితే అది వ్యాపారం, అసలని అమ్మితే నేరం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు చనిపోయిన అరవై ఏళ్ళకు అతని చిత్రం మీద హక్కు ముగుస్తుంది. రవివర్మ 1906లో పోయాడు. అంటే అతని బొమ్మలు అందరివీ అయి చాలాకాలమైంది. అదే సమయంలో అతని అసలు చిత్రాలు దేశం దాటకుండా ప్రభుత్వం 1979లో వాటిని కళానిధులుగా ప్రకటించింది. చట్టానికి అసలుకీ నకలుకీ తేడా స్పష్టంగా తెలుసు. తెలియనట్టు నటించేది దళారులు.

పైగా నకలు వేయడాన్ని సిగ్గుపడాల్సిన పనిగా చేసినందువల్ల మోసం పెరుగుతుందే గాని తగ్గదు. తన పేరు పెట్టుకుంటే విలువ రాదని తెలిసినవాడు పేరు పెట్టడు. పేరు లేని కాన్వాసు నాలుగు చేతులు మారితే దాని మీద ఎవరి సంతకమైనా మొలవగలదు. చైనాలో షెంజెన్ శివార్లలో డాఫెన్ అనే ఊరు 1989 తర్వాత నూనె రంగుల నకళ్ళకు ప్రపంచ కార్ఖానా అయింది. అక్కడి నుంచి ఓడలెక్కిన లక్షల బొమ్మల్లో వేసినవాడి పేరున్నవి ఎన్ని? అనామకంగా ఉంచడమే ఆ వ్యాపారం పద్ధతి. మనం ఖండించాల్సింది అనామకత్వాన్ని. నకలు వెనక, కాన్వాసు బట్ట మీద చెరగని సిరాతో, అసలు వేసినవాడి పేరు, అసలు ఎక్కడుందో ఆ చోటు, నకలు వేసినవాడి పేరు, ఊరు, సంవత్సరం రాయడం అలవాటైతే ఈ మూడో వాదం కింద నేల మిగలదు.

5. దొరల బొమ్మలు మనకెందుకు?

ఈ ప్రశ్న అడిగే హక్కు నెల్లూరు జిల్లాకు ఉంది. వెంకటగిరి జమీందారీ మీద రైతులు పోరాడిన నేల ఇది. ఆ రైతుల గొంతుగా నెల్లూరు నుంచి జమీన్ రైతు అనే పత్రికే నడిచింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసినప్పుడు సంబరపడ్డ తాతల మనవలం. దొర బొమ్మ ముందు కండువా తీసి నిలబడ్డ జ్ఞాపకం ఇళ్ళలో ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ ఆ బొమ్మకున్న బలం ఎక్కడిది? అది దివాణంలో మాత్రమే ఉండటం వల్ల వచ్చింది. రైతు గుమ్మం బయట, బొమ్మ గుమ్మం లోపల. చూడాలంటే పిలుపు రావాలి. నకలు ఆ గుమ్మాన్ని పడగొడుతుంది. ఆత్మకూరులో ఎరువుల కొట్టు నడిపే మనిషి హాల్లో ఒక మహారాజు బొమ్మ ఉండి, దాని కింద పిల్లలు చాప వేసుకుని హోంవర్కు చేసుకుంటుంటే, ఆ మహారాజు దొరతనం ఏం మిగిలినట్టు? చిత్రం మిగిలింది, పెత్తనం పోయింది. "అసలే ఉండాలి, నకలు వద్దు" అన్న నియమం పెడితే మళ్ళీ అసలు ఎవరి దగ్గరుందో వాళ్ళ గుమ్మం దగ్గరికే పోవాలి. సమానత్వం పేరుతో మాట్లాడుతూ దివాణానికి తాళం చెవి తిరిగి ఇచ్చేయడం అంటే ఇదే.

నెపోలియన్ కోటు మీద తమ ముఖం పెట్టి వేయించుకునే కొత్త సరదా ఒకటి పెళ్ళిళ్ళ కాలంలో కనపడుతోంది. నాకు నచ్చదు. కానీ పట్టుబట్టల చిత్రకారుణ్ణి వేరే పెట్టుకున్న లండను ప్రభువులు చేసింది కూడా దాదాపు అదే గనక, ఎక్కువ కోప్పడే మొహం నాకు లేదు.

6. చెక్కకు మర్యాద, కాన్వాసుకు వెక్కిరింత

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు అందరికీ తెలుసు. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కతో, ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, అందులోనూ ఆడవాళ్ళు, చిన్న చిన్న పనిముట్లతో చెక్కే సామాను. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ గుర్తింపు దేనికిస్తారు? కొత్త ఊహకి కాదు. అదే ఆకారాన్ని, అదే చెక్కతో, అదే ఊళ్ళో, తల్లి చేతి నుంచి కూతురు చేతికి తప్పకుండా దించుతూ వచ్చినందుకు. ఒక్క మాటలో, శ్రద్ధగా నకలు చేసినందుకు. దాన్ని మనం వారసత్వం అంటాం, ప్రదర్శనల్లో పెడతాం, విదేశీ అతిథికి కానుకగా ఇస్తాం. సరిగ్గా అదే శ్రద్ధ కాన్వాసు మీదికి రాగానే "కాపీ" అయిపోతుంది.

ఈ రెండు నాలుకల మాటకి మూల్యం కడుతున్నవాళ్ళున్నారు. మా వైపు కొట్ల బోర్డులు, సినిమా గోడలు, గుడి కప్పులు రాసిన పెయింటర్లని ఫ్లెక్సీ ప్రింటింగు రోడ్డున పడేసింది. చెయ్యి తిరిగినవాళ్ళు కొందరు బెంగళూరు, హైదరాబాదు పోయి ఇళ్ళకు రంగులు కొడుతున్నారు. అదే గోడ, బొమ్మ మాత్రం లేదు. చచ్చిపోయిన తాత ముఖాన్ని ఏదో గుంపు ఫోటోలో నుంచి వెలికితీసి, తలపాగా సరిచేసి, నిలువెత్తు చేసిన చేతులవి. అప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు ఎవరూ "ఒరిజినల్ ఏది?" అనలేదు. తాత పోలిక వచ్చిందా లేదా అని మాత్రమే చూశారు, వచ్చిందని ఏడ్చారు. అలాంటి చేతులకి నెలల తరబడి పని దొరికే చోటు పాత చిత్రపటాల నకలు ఒక్కటే. అక్కడా వెక్కిరింపు ఎదురైతే వాళ్ళ పిల్లలు కుంచె ముట్టరు. మన విమర్శకులు కోరుకునే ఆ కొత్త సొంత కళాకారుడు ఎక్కడి నుంచి ఊడిపడతాడు? రవివర్మ కూడా మొదట చూసి వేసినవాడే.

అందుకని అడగాల్సింది సూటిగా అడుగుతాను. ఉదయగిరి, ఆత్మకూరు బళ్ళలో, గ్రంథాలయాల్లో, ఆఫీసుల్లో రాయల ఫ్లెక్సీలు దింపండి. తిరుమల విగ్రహాన్ని ఆధారం చేసుకుని, కుళ్ళాయితో, ఇద్దరు రాణులతో, నూనె రంగుల్లో నిలువెత్తు నకలు ఇక్కడి పెయింటరు చేత వేయించండి. బాలకృష్ణుడు చెన్నై నుంచి తిరిగి రాడు. ఆ రూపం ఉదయగిరికి తిరిగి రాగలిగితే నకలుగానే వస్తుంది గనక, అదీ వేయించండి. కూలి రోజుల లెక్కన ఇవ్వండి, చదరపు అడుగు లెక్కన కాదు. అడుగు లెక్కలో ముఖానికీ వెనక తెరకీ ఒకటే ధర పడుతుంది, దాంతో పెయింటరు ముఖం మీద తొందరపడతాడు. కింద ఫలకం మీద ప్రారంభించిన నాయకుడి పేరు కన్నా ముందు, వేసిన మనిషి పేరూ ఊరూ ఉండాలి. బిల్లు పాసయ్యే ముందు ఆ ఫలకం చూసి సంతకం పెట్టమని ఉత్తర్వు ఇచ్చేవాళ్ళు జిల్లాలో ఒక్క అధికారి దొరికినా చాలు, పని మొదలవుతుంది.